నేరమునకు రెండు పద్దులు: క్రియ, మనస్సు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ప్లీడరును కాను. సహకార సంఘములో చిట్టా, ఆవర్జా వ్రాసికొనువాడను. మా తాతగారు కరణీకము చేసిరి. ఆ పదవిని ప్రభుత్వము 1984లో రద్దు చేసినది గాని, లెక్క వ్రాయు అలవాటు మా యింట నిలిచిపోయినది. పగలు లెక్కలు, రాత్రులు ఈ గ్రంథాలయములోని భారతమును, కేతన పదుమూడవ శతాబ్దమున తెనుగు చేసిన విజ్ఞానేశ్వరమును నాకు తోడు. ధర్మశాస్త్రమునుండి నేటి శిక్షాస్మృతికి నడచుట ఎంతో దూరము కాదని తోచి, ఆ దారినే యిన్నేండ్లు కొంత కొంత చదివితిని. పఠన మందిరమున మన విద్యార్థులు పరీక్షకు చదువుచు నేరలక్షణములను వల్లె వేయుట విని, కార్యదర్శిగారు ఆ విషయమునే ఊరివారికిని అర్థమగునట్లు చెప్పుమనిరి.

లెక్క వ్రాయువారికి తెలియును, ఒక పద్దు రెండు చోట్ల పడవలెను. జమ ఉండి ఖర్చు లేకున్న ఆ లెక్క కుదరదు. నేరము కూడ నట్టిదే. చేయి చేసిన పని యొకటి, ఆ పని చేయునపుడు మనస్సులోనున్న తలంపు ఒకటి. మొదటిదానిని లాటిన్ భాషలో ఆక్టస్ రియస్ అనియు, రెండవదానిని మెన్స్ రియా అనియు మన విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. మనస్సు దోషముతో కూడినది కానిదే క్రియ మాత్రమే మనుష్యుని దోషిగా చేయదను సూత్రము ఇంగ్లండు న్యాయస్థానములలో చిరకాలముగా నడచుచున్నది. విచిత్రమేమనగా, మన శిక్షాస్మృతి ఆ లాటిన్ మాటలను వాడలేదు. 1837లో మెకాలే అధ్యక్షతన ముసాయిదా వ్రాసినవారు, 1860లో దానిని చట్టము చేసినవారు మనస్సును ఒక్కచోట చెప్పి విడువక, ఒక్కొక్క నేరము నిర్వచనములో దానికి తగిన మాటను పొదిగిరి. ఒకచోట 'ఉద్దేశపూర్వకముగా', ఒకచోట 'తెలిసి', వేరొకచోట 'దుర్బుద్ధితో', మరొకచోట 'మోసగించు తలంపుతో', ఇంకొకచోట 'నిర్లక్ష్యముగా'. ఆ స్మృతి 1862 జనవరి 1నుండి అమలులోనుండి, 2024 జూలై 1న తన స్థానమును భారతీయ న్యాయ సంహితకు విడిచినది. 511తో ముగిసిన సెక్షనులు ఇపుడు 358తో ముగియుచున్నవి. అంకెలు మారినవే గాని ఈ పునాది మారలేదు. కావున విద్యార్థులు ప్రతి నిర్వచనములోను మనస్సును తెలుపు ఆ చిన్న మాట ఎక్కడనున్నదో ముందుగా వెదకవలెను. కేసులు గెలుచుట, ఓడుట తరచుగా ఆ మాటపైననే.

దేవాలయము వెలుపల తన చెప్పులే అనుకొని పరుల చెప్పులు తొడుగుకొని పోయినవాడు దొంగ కాడు. వస్తువు కదలినది, యజమాని అనుమతి లేదు, అయినను దుర్బుద్ధి లేదు. ఇంటికి పోయి చూచికొని, ఇవి నావి కంటె కొత్తవి గదా అని యుంచుకొన్ననో, కథ మారును.

ఇక మాండవ్యుని కథ. భారతము ఆదిపర్వమునందలి ఈ కథను మన పెద్దలు పురాణ కాలక్షేపములో వినియుందురు. మౌనవ్రతముననున్న ముని ఆశ్రమములో దొంగలు సొమ్ము దాచి తామును దాగిరి. రాజభటులు వచ్చి అడిగిరి, ముని పలుకలేదు. సొమ్ము దొరికినది, దొంగలు దొరికిరి, ముని కూడ దొంగయే యని రాజు కొరత వేయించెను. సొమ్ము తన చోటనున్నంత మాత్రమున మనస్సు దానియందున్నట్లు కాదని ఆ రాజునకు తోచలేదు. నేటి చట్టములో దొంగసొత్తు ఉంచుకొన్న నేరమునకు, అది దొంగసొత్తని తెలిసియుండుటయో, అట్లు నమ్ముటకు తగిన కారణముండుటయో కావలెను. మౌనము నేరము నొప్పుకొనుట కాదు. మాట్లాడకుండుటకు నిందితునికి మన రాజ్యాంగము 20వ అధికరణములోనే రక్షణ కల్పించినది.

కథ అక్కడితో ఆగలేదు. మాండవ్యుడు యమధర్మరాజు కడకు పోయి, నాకీ శిక్ష ఏల వచ్చెనని అడిగెను. బాల్యమున పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చితివి, దాని ఫలమిదియని ధర్ముడు చెప్పెను. ఎరుగని ప్రాయమున చేసినదానికి ఇంతటి దండనయా అని ముని ధర్ముని శపించి, పదునాలుగేండ్లలోపు చేసినదానికి పాపము లేదని హద్దు విధించెను. ఆ శాపము వలననే ధర్ముడు విదురుడై పుట్టెను. దండించువాడే దోషియై నిలిచిన ఇట్టి కథను మన పూర్వులు ధైర్యముగా చెప్పుకొనిరని నాకు గర్వము. నేటి సంహితలో 20వ సెక్షను, ఏడేండ్లలోపు బిడ్డ చేసినది నేరము కాదనుచున్నది. ఏడు మొదలు పండ్రెండు లోపు వారి విషయమున, చేసిన పని మంచిచెడ్డలను గ్రహించు పరిపాకము ఆ బిడ్డకు లేదని తేలినచో నేరము కాదని 21వ సెక్షను. పదునెనిమిదేండ్లు నిండనివారి విచారణకు వేరు చట్టము, వేరు మండలి కలవు. 2015 నాటి చట్టము ప్రకారము, పదునాఱు దాటినవారు మిక్కిలి ఘోరమైన నేరము చేసిరని ఆరోపణ వచ్చినపుడు మాత్రము, మండలి పరీక్షించి పెద్దలతో సమానముగా విచారణకు పంపవచ్చును. హద్దు ఎక్కడ గీయవలెనను తగవు మాండవ్యుని నాటినుండి తీరలేదు.

దశరథుని సంగతి వేరు. చీకటిలో సరయువు ఒడ్డున కడవ నిండు చప్పుడు విని, ఏనుగు నీరు త్రావుచున్నదని బాణము వేసెను. మునికుమారుడు కూలెను. చంపవలెనను తలంపు లేదు, కావున హత్య కాదు. అయినను నిర్దోషియా? వస్తుస్థితిని పొరబడి, తన పని న్యాయమేయని సద్భావముతో నమ్మినవానిని చట్టము రక్షించును. పాత స్మృతిలో ఇది 79వ సెక్షను, ఇపుడు 17వది. కాని 'సద్భావము' అనగా చట్టములో మంచితనము కాదు, తగినంత జాగ్రత్త. చప్పుడును బట్టి చీకటిలోనికి బాణము వేయుట జాగ్రత్త యగునా? నేను న్యాయమూర్తినైనచో రాజును నిర్లక్ష్యము వలన మరణము కలిగించిన నేరము క్రింద నిలబెట్టియుందును.

ఇట్టిదే యొకటి 1958లో ఒడిశాలో నిజముగా జరిగినది. రాసగోవిందపూర్ వద్ద విడిచిపెట్టిన విమానాశ్రయములో దయ్యములున్నవని ఆ ప్రాంతమున గట్టి నమ్మకము. రాత్రివేళ మినుకుమినుకుమను వెలుగు కనబడగా, ఒక నేపాలీ సేవకుడు దయ్యములే యని కుక్రీ దూసి దానిపై పడెను. అచట నున్నవారు ఇప్పపూలు ఏరుకొనుటకు లాంతరుతో వచ్చిన గిరిజన స్త్రీలు. ఒకరు మరణించిరి, ఇరువురు తీవ్రముగా గాయపడిరి. హైకోర్టు వానిని విడిచిపుచ్చినది. తాను కొట్టుచున్నది మనుష్యులనని వాడు ఎరుగడు, వాని తోడివారును దయ్యములే యనుకొనిరి. మరికొంత జాగ్రత్త పడియుండవచ్చునన్న మాట మాత్రమే రక్షణను తీసివేయదని ఆ తీర్పు. చట్టము లెక్క సరియే కావచ్చును. ఆ పూలు ఏరుకొన వచ్చిన తల్లుల పక్షమునుండి చదివినపుడు నాకది పూర్తిగా మ్రింగుడుపడలేదని చెప్పక తప్పదు.

వస్తుస్థితి తెలియకపోవుట వేరు, చట్టము తెలియకపోవుట వేరు. చట్టము తెలియదనుట రక్షణ కాదు. ఇచట మన రాజమహేంద్రవరమువారైన కోకా సుబ్బారావుగారిని స్మరించుట న్యాయము. వారు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిరి. అంతకు ముందు, 1962 నవంబరులో ఒక విదేశీయుడు స్విట్జర్లాండునుండి మనీలా పోవుచు, విమానము బొంబాయిలో ఆగగా, చొక్కాలో 34 కిలోల బంగారముతో పట్టుబడెను. బంగారమును విమానపు సరుకు పట్టీలో చూపవలెనను ఉత్తర్వు గెజెటులో పడి నాలుగు రోజులే అయినది. తెలియదని అతడు వాదించెను. దేశ ద్రవ్యమును కాపాడు ఇట్టి చట్టములో మనస్సును వెదకనక్కరలేదని సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు 1964లో తేల్చిరి. సుబ్బారావుగారు మాత్రము భిన్నాభిప్రాయము వ్రాసిరి. మరుసటి యేడు మధ్యప్రదేశమునుండి ధాన్యపు వర్తకుని కేసు వచ్చెను. లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, అది నిరాకరింపబడినట్లు కబురు రానందున వచ్చునను నమ్మకముతో అతడు గోధుమలు నిలువ చేసెను. సుబ్బారావుగారు తీర్పు వ్రాయుచు, చట్టము స్పష్టముగా త్రోసివేసిననే తప్ప దోషయుక్తమైన మనస్సు ప్రతి నేరమునకును అంగమేయనిరి. వర్తకుడు విడుదల యయ్యెను. విద్యార్థులు ఈ రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను.

తలంపు ఒక్కటియే ఉండి క్రియ లేనిచో? పొరుగువాని గడ్డివామి తగులబెట్టవలెనని రాత్రియంతయు పండుకొని తలపోసినవానిని చట్టము తాకదు. అగ్గిపెట్టె కొన్నను తాకదు, అది సన్నాహము. వామి కడకు పోయి పుల్ల గీచినపుడు ప్రయత్నమగును. 1961లో పంజాబునుండి ఢిల్లీకి అనుమతి లేక ధాన్యపు బస్తాలు తీసికొనిపోవు లారీని సమాల్ఖా వద్ద ఆపిరి. హద్దు ఇంకను కొన్ని మైళ్ళున్నది. దారిలో మనసు మార్చుకొని వెనుకకు తిరుగవచ్చును గదా, ఇది సన్నాహమే యని సుప్రీంకోర్టు శిక్ష కొట్టివేసినది. దోపిడి ముఠా కట్టి సన్నాహము చేయుట, పలువురు కూడి కుట్ర పన్నుట మాత్రము చట్టము ముందే పట్టుకొనును.

హేతువు వేరు, ఉద్దేశము వేరని కూడ యొకమాట. తల్లి మందులకై దొంగిలించినవాని హేతువు జాలిగొలుపును. ఉద్దేశము దొంగతనమే. జాలి శిక్ష తగ్గించుటకు పనికివచ్చును, నేరమును చెరుపుటకు కాదు.

ఇపుడు తెలుగువారి కేసు ఒకటి. మద్రాసు హైకోర్టు 1912లో తీర్పు చెప్పినది, ముసునూరు సూర్యనారాయణమూర్తి కేసని పుస్తకములలో కనబడును. ఒకడు మరియొకని ప్రాణముపై, అతనికి తెలియకుండ, పెద్ద మొత్తములకు భీమా చేయించెను. పిదప ఆ సొమ్ముకై హల్వాలో విషము కలిపి అతనికి పెట్టెను. అతడు కొంచెము తిని, రుచింపక, మిగిలినది పారవేసెను. ఇంటిలోని చిన్నపిల్ల, ఎనిమిది తొమ్మిదేండ్లది, దానిని తీసికొని తిని మరణించెను. చంపదలచినవాడు బ్రతికెను, పసిది పోయెను. నేనాపిల్లను చంపదలచలేదని నిందితుని పక్షము. కేసు విన్న ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు హత్యయనిరి, ఒకరు కాదనిరి. మూడవవారు హత్యయన్న పక్షమున చేరిరి. ఒకని చంపదలచి చేసిన పనిచే వేరొకరు మరణించినను ఆ దుస్సంకల్పము వెంట వచ్చునను నియమము పాత స్మృతిలో 301వ సెక్షను, ఇపుడు 102వది. బిడ్డకై చెడు తలంపు లేదన్నది నిజమే. విషము కలిపిన చేతికి ఎవరి నోటికో చేరునను నిజము తెలియదా?

ఆ హైకోర్టే 1919లో చెప్పిన మరియొక తీర్పు విద్యార్థులను తికమక పెట్టును. ఒకడు భార్య తలపై నాగలి కర్రుతో కొట్టెను, ఆమె పడిపోయెను. చనిపోయినదనుకొని, ఆత్మహత్యగా కనబడుటకు ఉరి వేసెను. ప్రాణము పోయినది ఆ ఉరిచేతనే. కొట్టినపుడు చంపు తలంపు లేదు, ఉరి వేసినపుడు శవమనుకొనెను. కావున రెండు పనులలో దేనియందును హత్యకు కావలసిన మనస్సు లేదని పూర్తి ధర్మాసనము తేల్చి, తీవ్రగాయపు నేరమునకు మాత్రమే శిక్షించినది. క్రియయు మనస్సును ఒకే క్షణమున కలిసియుండవలెనను నియమము ఇందుండి నేర్చుకొందురు. మొదటినుండి చంపు తలంపే ఉన్నచో ఈ రక్షణ దొరకదని ఆ కోర్టే 1943లో వేరొక కేసులో చెప్పినది.

నేనిక చెప్పబోవునది మన యువకులు, చదువనివారు కూడ, చెవిని పెట్టవలసినది. పల్లెలలో కక్షలున్నచోట వినబడు మాట యొకటి కలదు. 'చంపవద్దు, కాళ్ళు మాత్రము విరుగగొట్టుడు.' ఇట్లనినవారు తాము హత్యకు దూరముగా నిలిచితిమని నమ్ముదురు. 1968 జూలైలో గుంటూరు మండలములో, రొంపిచర్ల గ్రామ కక్షలలో, నెకరికల్లు బస్సు నిలుచు చోట ఏబదియైదేండ్ల పెద్దమనిషిని బరువైన కర్రలతో కొట్టిరి. దెబ్బలు పందొమ్మిది. దాదాపుగా అన్నియు చేతులపైన, కాళ్ళపైననే. తలపైన గాని గుండెపైన గాని గురి పెట్టలేదు. ఆయన చేతులు జోడించి వేడుకొన్నను, చూచువారు వారించినను, స్పృహ తప్పువరకు మానలేదు. మరునాటి తెల్లవారుజామున ఆయన ప్రాణము విడిచెను. సెషన్సు కోర్టు హత్య యన్నది. హైకోర్టు, ఆయువుపట్టులలో కొట్టలేదు గనుక హత్య కాదు, అంతకు తక్కువైన నరహత్య యన్నది. ప్రభుత్వము అప్పీలుకు పోయినది. సుప్రీంకోర్టు 1976లో తిరిగి హత్యయే యని యిద్దరికి యావజ్జీవము విధించినది. న్యాయవిద్యార్థులందరును చదువు పున్నయ్య కేసు ఇదియే.

కారణము జాగ్రత్తగా వినుడు. హత్యకు 'చంపవలెను' అను తలంపు ఉండనక్కరలేదు. ఆ గాయములు చేయవలెనను తలంపు ఉండి, ఆ గాయములు ప్రకృతి సహజముగా ప్రాణము తీయుటకు చాలినవైనచో, చాలును. ఈ మాటను 1958లో పంజాబు బల్లెపు పోటు కేసులో వివియన్ బోసుగారు స్పష్టపరచిరి. పొడిచినవాడు పొడువదలచెనా అన్నది ఒక ప్రశ్న, దానికి నిందితుని మనస్సును చూడవలెను. ఆ పోటు ప్రాణాంతకమా అన్నది రెండవది, దానికి వైద్యుని అడుగవలెను, నిందితుని కాదు. కాళ్ళు మాత్రమే యనుకొని నియమించినవాడు ఆ రెండవ ప్రశ్న తన చేతిలో లేదని ఎరుగడు. కర్ర చేత పట్టిన యువకునికి ఎముక లెక్క తెలియదు, నెత్తురు లెక్క అంతకన్న తెలియదు. పంపినవాడు ఇంటనే ఉండును. పోయిన కుర్రవాడు కారాగారములో జీవితము గడుపును. పంపినవానికి కూడ కుట్రయో, ప్రేరేపణయో చుట్టుకొనునని విద్యార్థులు నాకంటె బాగుగా చెప్పగలరు.

చివరగా నా వృత్తికి సంబంధించినది. కౌటిల్యుడు అర్థశాస్త్రములో ప్రభుత్వ ధనము అపహరించు విధములు నలుబది యని లెక్కించెను. ఆ పట్టిక చదివిన ప్రతిసారి ఆయన కొలువులో మావంటివారే పనిచేసిరని నవ్వు వచ్చును. 'రేపు పెట్టివేయుదును గదా' అని పెట్టెలోని సొమ్ము వాడుకొనుట మాలో కొందరికి నేరముగా తోచదు. 1945లో ఆళ్వారులో ఒక ఉద్యోగి కార్యాలయపు ఫైలును మిత్రునికై ఇంటికి తెప్పించుకొని, మరునాడే తిరిగి చేర్పించెను. దొంగతనమునకు వస్తువును శాశ్వతముగా పోగొట్టనక్కరలేదు, కొంతకాలము అన్యాయముగా తీసికొన్నను చాలునని 1962లో సుప్రీంకోర్టు శిక్షను ఖాయపరచినది. అదియు సుబ్బారావుగారి తీర్పే. తిరిగి పెట్టుట శిక్ష తగ్గించునేమో గాని, తీసికొన్ననాటి మనస్సును మార్చదు.

దీనికి ఎదురుప్రక్క కూడ చెప్పవలెను. ఒక సంఘములో (ఊరు పేరు చెప్పను) ఆవర్జాలో 900 రూపాయలు తక్కువ వచ్చెను. గుమాస్తాను మూడు వారములు ఊరంతయు దొంగ యన్నది. ఇంట పొయ్యి వెలిగించుటకు అతని భార్య బయట ముఖము చూపలేకపోయెను. తొమ్మిదితో నిశ్శేషముగా భాగింపబడు తేడా వచ్చినచో, అంకెలు తారుమారైనవేమో ముందు చూడవలెనని మా వృత్తిలో పిల్లవానికి కూడ నేర్పుదురు. చూడగా 5,400 అను పద్దు 4,500గా దిగినది. సొమ్ము పెట్టెలో సరిగనే ఉన్నది. లెక్కలు తప్పుగా వ్రాసిన నేరము ఇపుడు 344వ సెక్షను. 'బుద్ధిపూర్వకముగా', 'మోసగించు తలంపుతో' అను రెండు మాటలు దానిలో కలవు. చేయి జారిన అంకెకు ఆ రెండును లేవు. గీకివేసిన అంకె, చింపిన రసీదు, రెండవ చిట్టా, అడిగినపుడు మాట మార్చుట, ఇట్టివి కనబడినపుడు మనస్సును అనుమానింపవచ్చును. మనస్సును ఎవ్వరును చూడలేరు, దాని అడుగుజాడలనే చూడవలెను. ఫిర్యాదు వ్రాయువారు 'దొంగ' అను మాటకు ముందు ఆ జాడలు ఏవి, ఏ తేదీన, ఏ పుటలో కనబడినవో వ్రాయుడు. వ్రాయుటకు ఏమియు లేకున్నచో, ముందు పద్దులు మరియొకసారి కూడుడు.

భారతీయ న్యాయ సంహిత తెలుగు ప్రతియు, పాత శిక్షాస్మృతియు మన గ్రంథాలయములో రెండవ బీరువాలోనున్నవి. పాత సంఖ్యలకు కొత్త సంఖ్యలు చూపు పట్టికను నేను చేతితో వ్రాసి దాని అట్టలో అంటించితిని. ఇంటికి తీసికొనిపోవువారు దయతో ఆ కాగితమును చింపకుడు.